ఉప్మా గిన్నెలో సమతూకం

"మళ్లీ ఉప్మాయేనా?" అని మొహం చిట్లించి, ఏమీ తినకుండానే బడికి పరుగెత్తేవాళ్లు మీలో లేకపోలేదు. ఆ గిన్నెలో ఎంత విజ్ఞానం ఉందో తెలిస్తే మీరు దాన్ని అంత తేలిగ్గా తోసిపుచ్చరు.

రవ్వ అంటే ఏమిటి?

గోధుమ గింజలో పైన తవుడు పొర, ఒక మూల అంకురం, మధ్యన తెల్లని పప్పు ఉంటాయి. తవుడునూ అంకురాన్నీ తీసివేసి, మిగిలిన పప్పును బరకగా ఆడితే వచ్చేదే బొంబాయి రవ్వ. దానిలో ఎక్కువ భాగం పిండిపదార్థం. చీడికాడకు పొరుగునే ఉన్న మాడుగులలో గోధుమలను నానబెట్టి, రుబ్బి, పాలు తీసి హల్వా చేస్తారు గదా! ఆ పాలను చిక్కబరిచేది కూడా ఈ పిండిపదార్థమే.

దీని రేణువులు చన్నీటిలో కరగవు. నీరు సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే అవి నీటిని పీల్చుకుని ఉబ్బి, మెత్తబడతాయి. అప్పుడే మన జీర్ణరసాలు వాటిపై సులువుగా పనిచేస్తాయి. రవ్వనంతా ఒక్కసారి కుమ్మరిస్తే ఏమవుతుంది? పైనున్న రేణువులు ముందు ఉబ్బి జిగురు గోడ కడతాయి. లోపలికి నీరు చేరదు. అదే ఉండ! అందుకే అమ్మ కలుపుతూ కొద్దికొద్దిగా పోస్తుంది.

ఆరు రుచులు

సుమారు రెండువేల ఏళ్ల నాటి చరక సంహిత ఆహారంలో తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అనే ఆరు రుచులను చెప్పింది. తీపి, పులుపు, ఉప్పు వాతాన్ని. తీపి, చేదు, వగరు పిత్తాన్ని. కారం, చేదు, వగరు కఫాన్ని అణచుతాయని ఆయుర్వేదం భావన. మన ఉప్మాలో గోధుమ తీపి, నిమ్మరసం పులుపు, అల్లం కారం, పసుపు చేదు, పెసరపప్పు వగరు. ఉప్పు సరేసరి.

ఒక చిత్రం చూడండి. చరకుని కాలంలో మన దేశంలో మిరపకాయ లేదు! అది అమెరికా ఖండంలో పుట్టి, 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా మనకు చేరింది. ఆనాటి కారం మిరియాలు, పిప్పళ్లు, శొంఠిలదే.

వాత, పిత్త, కఫాలను కొలిచే పరికరం ఏ ప్రయోగశాలలోనూ లేదు. అవి ఆనాటి వైద్యులు శరీరాన్ని అర్థం చేసుకోవడానికి ఏర్పరచుకున్న భావనలు. కనుక ఉప్మాను మందు అనుకోకండి. జబ్బు చేస్తే వైద్యుని దగ్గరకే వెళ్లాలి. కాని ఒకే రుచికి అతుక్కుపోకుండా రకరకాలు తినమన్న సలహా ఈనాటికీ మంచిదే.

నేటి శాస్త్రం మాట

రవ్వలో తవుడు లేదు గనుక పీచు తక్కువ. ఆ కొరతను కూరగాయలు తీరుస్తాయి. గోధుమ మాంసకృత్తులలో లైసిన్ అనే భాగం తక్కువ; పప్పులలో అది ఎక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. క్యారెట్టులోని కెరోటిన్ నూనెలో కరుగుతుంది కాబట్టి పోపు నూనె వృథా కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలోని 15-19 ఏళ్ల బాలికల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్లు తేలింది. దానికి ఒక ముఖ్య కారణం ఇనుము లోపం. మునగాకులో ఇనుము ఉంది. కాని ఆకుకూరల ఇనుము ఒంటికి అంత సులువుగా పట్టదు. నిమ్మరసంలోని విటమిన్ సి దానికి తోడ్పడుతుంది. ఆ విటమిను వేడికి నశిస్తుంది గనుక, గిన్నె దించాకే నిమ్మకాయ పిండాలి. తిన్న వెంటనే టీ తాగితే అందులోని టానిన్లు ఇనుమును అడ్డగిస్తాయి. టీకి ఒక గంట ఆగండి.

వండి చూడండి

పెద్దల సాయంతో ఒక గ్లాసు రవ్వను కమ్మని వాసన వచ్చేదాకా దోరగా వేయించి పక్కన పెట్టండి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, నానబెట్టిన గుప్పెడు పెసరపప్పు, కరివేపాకు, అల్లం, పసుపు వేయండి. ఆవాలలోని తేమ ఆవిరై పైపొరను పగలగొడుతుంది. ఆ చిటపట అదే. ఒక గ్లాసు కూరగాయ ముక్కలు, గుప్పెడు మునగాకు వేసి మగ్గనిచ్చి, మూడు గ్లాసుల నీళ్లు, ఉప్పు వేసి మరిగించండి. అప్పుడు రవ్వ కొద్దికొద్దిగా పోస్తూ కలిపి, సన్నని సెగపై అయిదు నిమిషాలు మూత పెట్టండి.

మరొకనాడు రవ్వకు బదులు మన మన్యంలో పండే సామలతో చేసి చూడండి. ఏది ఎక్కువసేపు ఆకలిని ఆపిందో, మీరే పుస్తకంలో రాసుకోండి.