ట్యాబ్ రెడీ, కొత్త తెలుగు పుస్తకమే రెడీగా లేదు!

పోయిన సంక్రాంతికి మా తాతయ్యకి ఒక ట్యాబ్ కొన్నాను. 11 అంగుళాల స్క్రీన్, రెండు రోజులొచ్చే బ్యాటరీ, ధర కూడా మరీ ఎక్కువేం కాదు. రివ్యూ రాసి ఉంటే ఐదుకి నాలుగు మార్కులు ఇచ్చేవాణ్ణి. మూడు వారాల తర్వాత మళ్లీ ఊరెళ్లి చూస్తే అది టీవీ పక్కన టవల్ కింద పడి ఉంది.

"బాగానే ఉందిరా అబ్బాయ్. కానీ నాక్కావలసిన పుస్తకం ఇందులో లేదుగా" అన్నాడు.

తాతయ్య రిటైర్డ్ టీచర్. ఊరు కోనసీమలో. ముప్పై ఏళ్లుగా సాయంత్రం అయ్యేసరికి సైకిలేసుకుని శాఖా గ్రంథాలయానికి వెళ్లే మనిషి. అక్కడ ముందు పేపర్లు, తర్వాత కొత్త పుస్తకాల అల్మరా. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. రెండో కంటికి రెటీనా సమస్య. ఇప్పుడు పేపర్లో హెడ్డింగులు తప్ప ఏమీ కనబడవు. అయినా వెళ్తున్నాడు. అల్మరాలో కొత్తగా ఏం వచ్చాయో లైబ్రేరియన్‌ని అడిగి, పేర్లు విని వచ్చేస్తాడు. అది విన్నాకే ట్యాబ్ కొన్నాను నేను. అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు కదా, పని అయిపోయినట్టే అనుకున్నాను.

ఆయన అడిగినవి మూడు పుస్తకాలు. మొదటిది 'రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు'. 2023కి సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిన కథల పుస్తకం. రాసింది తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి గారు. "మన రాజమండ్రి ఆయనరా, అదయినా చదవకపోతే ఎలా" అన్నాడు తాతయ్య. రెండోది అంతకు ముందు ఏడాది అదే అవార్డు అందుకున్న మధురాంతకం నరేంద్ర గారి నవల 'మనోధర్మపరాగం'. మూడోది మా తమ్ముడు ఇంట్లో ఎప్పుడూ వాదనకి దిగే 'సేపియన్స్', తెలుగు అనువాదం.

ఐదు నిమిషాల పని అనుకుని సెర్చ్ మొదలుపెట్టాను. పాతవాటికి కొదవ లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలకొద్దీ తెలుగు పుస్తకాల స్కాన్‌లు ఉన్నాయి, ఫ్రీగా. పాత కథలూ, పురాణాలూ, వ్యాకరణాలూ ఎన్నయినా దొరుకుతాయి. కానీ నాకు కావలసినవి కొత్తవి, అక్షరం సైజు పెంచితే పేజీ దానికదే సర్దుకునే ఈబుక్స్. వాటికోసం రాత్రి పన్నెండు దాకా వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

కిండిల్ సంగతి చూడండి. 2016 డిసెంబర్‌లో అమెజాన్ భారతీయ భాషల ఈబుక్స్ మొదలుపెట్టినప్పుడు ఐదు భాషలు ఇచ్చింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల్లో మలయాళం మాతృభాషగా ఉన్నవాళ్లు మూడున్నర కోట్ల లోపు, తెలుగువాళ్లు 8 కోట్ల పైన. మరి మనమెందుకు వెనకబడ్డాం? చదివేవాళ్లు లేకనే అని ఎవరైనా అంటే ఒకసారి పుస్తక ప్రదర్శనలో క్యూ చూసి రమ్మనండి. నాకు కనబడిన కారణం అంతకంటే బోరింగ్‌ది.

తిరకాసు ఫాంట్‌లో ఉంది

మన ఫోన్లో తెలుగు కనబడేది యూనికోడ్ వల్ల. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటుంది. ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఉంటుంది కాబట్టి సెర్చ్ పనిచేస్తుంది, సైజు మారుతుంది, ఫోన్ పైకి చదివి వినిపిస్తుంది కూడా. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంట్ పేరు గుర్తుందా? గౌతమి! మా ధవళేశ్వరం దిగువన గోదావరి పాయ పేరే.

కానీ మన ప్రచురణకర్తల్లో చాలామంది డీటీపీ ఇప్పటికీ అను ఫాంట్స్‌లోనే నడుస్తోంది. ఆ పద్ధతి యూనికోడ్ ఇంకా వాడకంలోకి రాని రోజులది. ఇంగ్లీష్ అక్షరాల గడుల్లో తెలుగు ముక్కలు పెట్టేస్తారు: తలకట్టు ఒక గడి, కొమ్ము ఒక గడి, ఒత్తు ఇంకో గడి. కంటికి చక్కటి తెలుగే. కంప్యూటర్‌కి మాత్రం అర్థంలేని ఇంగ్లీష్ అక్షరాల వరస. ఆ పీడీఎఫ్ లోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి, మీకే తెలుస్తుంది. అంటే ప్రింట్‌కి పంపిన ఫైల్ నుంచి ఈబుక్ చేయాలంటే యూనికోడ్‌లోకి మార్చాలి, మారినప్పుడు దొర్లిన తప్పులకి మళ్లీ మొదటి నుంచీ ప్రూఫ్ చూడాలి. ఐదొందలో వెయ్యో కాపీలు వేసే ప్రచురణకర్త ఆ ఖర్చు ఎక్కడి నుంచి తెస్తాడు చెప్పండి.

(మన అక్షరాలు పెద్ద కంపెనీలకీ తలనొప్పే లెండి. 2018 ఫిబ్రవరిలో ఒక్క 'జ్ఞా' మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయిపోయాయి. ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇస్తే గానీ సర్దుకోలేదు.)

ఇక లైబ్రరీలు. అమెరికాలో ఉన్న మా అక్క లిబ్బీ యాప్‌లో లైబ్రరీ కార్డు నంబర్ కొట్టి, ఆ వారం వచ్చిన నవలని ఇంట్లోంచే అరువు తెచ్చుకుంటుంది. ఇక్కడ నేను అడిగినచోట అలాంటిది లేదన్నారు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అంటే మనమందరం చందాదారులమే, తెలియక ఊరుకుంటున్నామంతే.

ఒకప్పుడు లైబ్రరీయే మనిషి దగ్గరికి వచ్చేది. కృష్ణా డెల్టాలో 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. మా రాజమండ్రిలో నాళం కృష్ణారావు గారు 1898లో ఇరవై ఏళ్లు కూడా నిండకుండానే ఒక గ్రంథాలయం మొదలుపెట్టారు. ఇవాళ్టి గౌతమీ గ్రంథాలయం పుట్టుక అదే. ఆ వయసులో నేను ఫోన్ రూట్ చేసి పాడుచేశాను.

చివరికి ఏం చేశానంటే

ప్రింట్ పుస్తకమే కొన్నాను. 'రామేశ్వరం కాకులు' ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే నాలుగు రోజుల్లో వచ్చింది. పుస్తకం బల్ల మీద పెట్టి, పైన వంగే హోల్డర్‌కి నా పాత ఫోన్ తగిలించి, కెమెరాని 43 అంగుళాల టీవీకి కాస్ట్ చేశాను. మాగ్నిఫయర్ యాప్‌లో రంగులు తిరగేస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, ఒక్కొక్కటి అరచేతంత! తక్కువ చూపు ఉన్నవాళ్ల కోసం అమ్మే వీడియో మాగ్నిఫయర్లు చేసేదీ ఇదే పని. నాకైన కొత్త ఖర్చు హోల్డర్ ఒక్కటే. ఒక్క మాట, కేబుల్‌తో కలిపితే మేలు. వైఫైలో పేజీ జరిపినప్పుడల్లా బొమ్మ ఆలస్యంగా కదిలి ఆయనకి తల తిరిగింది.

ఫోన్‌తో చదివించడమూ ప్రయత్నించాను. పేజీ ఫొటో తీస్తే ఓసీఆర్ చాలావరకు సరిగ్గానే పట్టింది, ఒత్తుల దగ్గర మాత్రం తడబడింది. ఆ గొంతు విని తాతయ్య నవ్వాడు. "బస్టాండ్‌లో అనౌన్స్‌మెంటులా ఉందిరా కథ" అన్నాడు. మనుషులు చదివినవి కావాలంటే దాసుభాషితం లాంటి తెలుగు ఆడియోబుక్ యాప్‌లు ఉన్నాయి. కాకపోతే మనకి కావలసిన కొత్త పుస్తకం అందులో ఉండాలి కదా.

మీ ఇంట్లో చూపు సమస్య ఉన్నవాళ్లుంటే ఇది గుర్తుపెట్టుకోండి. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, వైకల్యం వల్ల ప్రింట్ చదవలేనివాళ్ల కోసం పుస్తకాన్ని వాళ్లు చదవగలిగే రూపంలోకి మార్చుకోవచ్చు. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉన్నది వాళ్ల కోసమే. తాతయ్య కాగితాలు పట్టుకుని వచ్చే వారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.

బ్రాంచి లైబ్రరీకీ వెళ్లాను, ఆయన్ని బండి మీద ఎక్కించుకుని. సూచనల రిజిస్టర్ అడిగితే లైబ్రేరియన్ గారు బీరువా పైనుంచి తీసి దుమ్ము దులిపి ఇచ్చారు. మూడు పుస్తకాల పేర్లూ రాశాను. "వస్తాయాండి?" అంటే "ఆయ్, లిస్టులో పెడతానండి" అన్నారు. అంతకు ముందు ఎంట్రీ తేదీ చూస్తే రెండేళ్ల కిందటిది. అది తాతయ్య చేతిరాతే.

ప్రస్తుతానికి రోజుకో కథ అవుతోంది. 'మనోధర్మపరాగం' నిన్ననే వచ్చింది. అది లావు పుస్తకం, తెరిస్తే బల్ల మీద చదునుగా నిలబడట్లేదు. దానికి ఒక అద్దం పలక కోయించాలి.