ఊపిరి పీల్చే వైరు

మా కోనసీమలో కారు ఎక్కాల్సిన కొండంటూ ఒక్కటీ లేదు. వరిచేలు, కొబ్బరితోటలు, కాలవ గట్లు, అంతా చదునే. ఇంజినుకి నిజంగా పరీక్ష పెట్టేవి వంతెనలే. అమలాపురం నుంచి రాజోలు వెళ్లే దారిలో బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద వంతెన ఉంది. మా మావయ్యగారి మారుతి 800 ఆ వంతెన ఎక్కుతూ దగ్గడం మొదలెట్టింది. 1996 మోడలు, ఏపీ 05 నంబరు, మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బురేటరు బండి. చదును రోడ్డు మీద బాగానే పోతుంది. వంతెన మొదట్లో యాక్సిలరేటర్ తొక్కేసరికి ఊపిరాడనట్టు ఆగి ఆగి గుంజుతుంది.

"ఏంటల్లుడూ ఇది? ప్లగ్గులు మార్పించాను, కాయిల్ మార్పించాను, ఫిల్టరు మార్పించాను. దీని జబ్బు మాత్రం అలాగే ఉంది" అన్నారు మావయ్య, మా షెడ్డు ముందు బండి ఆపి.

"ఇక సామాన్లు మార్చొద్దు మావయ్యా. దాని పొగనే అడిగి చూద్దాం" అన్నాను.

నేను అమలాపురంలో ఆటో ఎలక్ట్రీషియన్‌ని. ముప్పై ఏళ్లుగా ఇదే పని. మొదట్లో హెడ్‌లైట్లు, హారన్లు, సెల్ఫ్ మోటార్లు, డైనమోలు. ఆ తర్వాత కార్బురేటర్లు పోయి ఇంజెక్షన్ బళ్లొచ్చాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక చివరికి మోటారు సైకిలు సైలెన్సరు గొట్టానికీ ఒక సెన్సరు చేరింది. దాని పేరే ఆక్సిజన్ సెన్సరు. ఇన్నేళ్లలో నా చేతిలో ఎక్కువగా నలిగిన సామాను ఇదే. జనం ఎక్కువగా అపార్థం చేసుకునేదీ ఇదే. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పాలనుంది.

ముందు మంట సంగతి. మా ఇళ్లలో కొబ్బరి డొక్కలతో పొయ్యి వెలిగించిన ప్రతివాళ్లకీ ఇది తెలుసు. డొక్కలు కుక్కేస్తే పొగ కమ్మేస్తుంది. ఊదుగొట్టంతో ఊదితే మంట లేస్తుంది. 1995 జనవరిలో పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజులు మండింది. అప్పుడు నేను పని నేర్చుకుంటున్న కుర్రాణ్ణి. రాత్రిళ్లు ఆకాశం ఆ వైపు ఎర్రబడి ఉండేది. అంత పెద్ద మంట పసుప్పచ్చగా, ఎర్రగా ఎందుకుంటుంది, వంటింట్లో గ్యాస్ పొయ్యి నీలంగా ఎందుకు వెలుగుతుంది అని మా గురువుగారిని అడిగాను. పొయ్యిలో గాలి ముందే కలుస్తుందిరా, బావి దగ్గర గ్యాసు బయటికొచ్చాక గాలి కోసం వెతుక్కుంటుంది అన్నారాయన. ఇంజిను పనంతా ఆ ముందే కలపడంలోనే ఉంది.

పెట్రోలు పూర్తిగా, మిగలకుండా తగ్గకుండా కాలాలంటే ఒక కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే 'రిచ్' అంటాం. నల్లపొగ, మసి పట్టిన ప్లగ్గు, జేబుకి చిల్లు. గాలి ఎక్కువైతే 'లీన్'. ప్లగ్గు తెల్లబడుతుంది, ఇంజిను వేడెక్కుతుంది, అలాగే తోలుకుపోతే వాల్వులు కాలిపోతాయి. సరిగ్గా కుదిరినప్పటి కొలతకి లాంబ్డా ఒకటి అని పేరు. ఒకటి దాటితే లీన్, ఒకటికి తగ్గితే రిచ్. పాత మేస్త్రీలు ప్లగ్గు విప్పి, పింగాణీ మీద బిస్కెట్ రంగు చూసి ఇది చెప్పేవారు. వాళ్ల కన్ను గొప్పదే. కానీ ప్లగ్గు చెప్పేది గడిచిన సంగతి. వంతెన మధ్యలో ఈ క్షణాన ఏం జరుగుతోందో చెప్పలేదు.

ఆ పని సెన్సరు చేస్తుంది. దాని ముక్కులో జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం ఉంటుంది. మన ఆంధ్ర తీరంలో బరువైన ఖనిజాలుండే ఇసుక ఉంది కదా, అందులో దొరికే జిర్కాన్ నుంచి తీసేదే ఈ జిర్కోనియా. వేడెక్కితే దీనికో విచిత్ర గుణం వస్తుంది. దానిలోంచి ఆక్సిజన్ అయాన్లు నడుస్తాయి. ఒక పక్క బయటి గాలి, ఇంకో పక్క సైలెన్సరు పొగ పెడితే రెండు పక్కలా ఆక్సిజన్‌లో ఉన్న తేడాని బట్టి వోల్టేజి పుడుతుంది. ఆ లెక్క కట్టింది జర్మనీకి చెందిన వాల్టర్ నెర్న్‌స్ట్. 1897లో ఇదే జాతి పింగాణీ కడ్డీతో దీపం తయారు చేసినవాడూ, 1920కి రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నవాడూ ఆయనే. కారు సైలెన్సరులోకి దీన్ని తెచ్చింది బాష్ కంపెనీ, 1976లో, వోల్వో 240 కార్లతో. కాలిఫోర్నియాలో పొగ నియమాలు బిగించడంతో ఆ అవసరం వచ్చింది.

మామూలు సెన్సరు ఇచ్చేది చాలా చిన్న వోల్టేజి. రిచ్‌గా ఉంటే 0.9 వోల్టు దాకా, లీన్‌గా ఉంటే 0.1 దగ్గర. మధ్యలో 0.45 గీత. బండిలోని కంప్యూటరు ఆ గీతకి అటూ ఇటూ పెట్రోలు పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. సైలెన్సరు దారిలో ఉండే కాటలిటిక్ కన్వర్టరు మూడు రకాల విషవాయువుల్నీ శుద్ధి చేసేది ఆ సన్నటి గీత దగ్గర మాత్రమే. పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు మీ కాగితం మీద లాంబ్డా అనే గడి ఉంటే ఒకసారి చూడండి. కన్వర్టరున్న ఇంజెక్షన్ కార్లకి 2500 చుట్ల దగ్గర అది ఒకటికి 0.03 అటూ ఇటూ లోపల ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. వైర్లు.

ఈ సెన్సరుకి సాధారణంగా నాలుగు వైర్లు. ఒకే రంగులో ఉండే రెండూ హీటరువి. పింగాణీ 300 డిగ్రీలు దాటితేగానీ నోరు విప్పదు, అందుకే లోపల చిన్న హీటరు పెడతారు. మూడోది సిగ్నలు, నాలుగోది దాని ఎర్త్. రంగులు కంపెనీని బట్టి మారతాయి. ఒక పక్కకి బయటి గాలి కావాలన్నాను కదా, ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నారు? చాలా సెన్సర్లలో ఆ వైరు లోపలి నుంచే. రాగి పోగుల మధ్య సందుల్లోంచి, ప్లాస్టిక్ తొడుగు లోపల, సన్నగా గాలి సెన్సరు దాకా నడుస్తుంది. ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఆ వైరు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. అంతకుముందు నేను చేసిన తప్పు అప్పుడు తెలిసింది.

మొదటి రోజుల్లో ఒక బండికి వైరు తెగితే శుభ్రంగా సోల్డరింగ్ చేశాను. నీళ్లు దిగకుండా సిలికాన్ పేస్టు పూశాను. చూడముచ్చటగా ఉంది పని. నెల తిరక్కుండా సెన్సరు పోయింది. సోల్డరు కరిగి పోగుల మధ్య సందులు మూసేసింది, లోపలికి గాలి లేదు. సిలికాన్ ఆవిరి ఇంకా చెడ్డది. అది పొగలో చేరితే పింగాణీ మీద గాజు పొరలా పేరుకుని మరి వదలదు. ఆ బండాయన దగ్గర రెండోసారి డబ్బులు తీసుకోలేదు. అప్పట్నుంచి ఈ వైర్లకి క్రింపు జాయింటే వేస్తున్నాను. కనెక్టరులో తుప్పు వదిలే స్ప్రే కూడా కొట్టను. ఆ ఆవిరీ అదే దారిన లోపలికి పోతుంది. గొట్టానికి నట్టు వెల్డింగ్ చేసినా, సెన్సరు మార్చినా, మరలకి పూసే పేస్టు ముక్కుకి తగలకూడదు.

గాలి నడిచే దారిలో నీళ్లూ నడుస్తాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి గోదావరి వచ్చినప్పుడు మా లంకల్లో ఎన్ని బళ్లు మునిగాయో చూసిన వాళ్లకి తెలుసు. నీళ్లు తీశాక చాలా బళ్లు స్టార్టయ్యాయి. కొన్నాళ్లకి ఒక్కొక్కటే చెక్ లైటుతో రావడం మొదలెట్టాయి. పి.గన్నవరం వైపు నుంచి ఒకాయన వచ్చారు. "ఇప్పటికి రెండు సెన్సర్లేయించానండి. మూడోది వెయ్యమంటే మాత్రం నా వల్ల కాదండి" అన్నారు. సెన్సరు ముట్టుకోకుండా కనెక్టరు విప్పాను. లోపల రాగి పచ్చగా చిలుం పట్టి ఉంది. కారు వైపు హీటరు వైరు మీద ఇగ్నిషన్ ఆన్‌లో పన్నెండు వోల్టులు రావాలి, నాలుగే వస్తున్నాయి. పాడైన వైరు ముక్క కోసి కొత్త టెర్మినల్ క్రింపు చేశాను. సెన్సరు వైపు పిన్నులు పొడి ఇత్తడి బ్రష్షుతో తోమాను. లైటు పోయింది. పాత సెన్సర్లు రెండూ ఆయన డిక్కీలోనే ఉన్నాయి. మీటరు పెట్టి చూస్తే రెండింటి హీటర్లూ బాగానే ఉన్నాయి.

అంతర్వేది, ఓడలరేవు వైపు బళ్లకి వరద అక్కర్లేదు, ఉప్పుగాలి చాలు. అందుకే చెబుతున్నాను. స్కానరులో సెన్సరు కోడ్ రాగానే సెన్సరు కొనకండి. ముందు ఫ్యూజు, తర్వాత కనెక్టరు, తర్వాత ఎర్త్ చూడమనండి. సైలెన్సరు మొదట్లో చిన్న పగులున్నా బయటి గాలి లాక్కుని సెన్సరు లీన్ అని చెబుతుంది, దాని తప్పు కాదది. సిగ్నలు వైరు మీద టెస్ట్ ల్యాంపు ఎవరైనా పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. అంత చిన్న వోల్టేజి బల్బుని మోయలేదు. మల్టీమీటరే వాడాలి.

మావయ్య 800కి సెన్సరే లేదు. కంప్యూటరూ లేదు. ఇక్కడే దాని జబ్బు ఉందని నా అనుమానం. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు 2023లో బంకుల్లోకి వచ్చి, 2025 కల్లా దేశమంతా పరుచుకుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ సరిపోతుంది. ఈ పెట్రోలుకి సరైన లెక్క 14.7 కాదు, దాదాపు 13.5. సెన్సరున్న కారు అది గమనించి తనే పెట్రోలు పెంచుకుంటుంది. కార్బురేటరు జెట్టుకి కళ్లు లేవు. 1996లో ఎంత వదిలిందో ఇప్పటికీ అంతే వదులుతుంది. అంటే ఎనిమిది శాతం లీన్. ముందు పెట్రోలు గొట్టాలన్నీ మార్చాను, పాత రబ్బరు ఇథనాల్‌కి ఆగదు.

తర్వాత వైడ్‌బ్యాండ్ సెన్సరు తెప్పించాను. మామూలు సెన్సరు రిచ్చా లీనా అని మాత్రమే చెబుతుంది, ఇది ఎంత రిచ్చో ఎంత లీనో అంకెలో చెబుతుంది. మూడు సిలిండర్ల గొట్టాలు కలిసిన చోటుకి కాస్త దిగువన రంధ్రం చేసి, 18 మిల్లీమీటర్ల నట్టు వెల్డింగ్ చేయించాను. సెన్సరు గొట్టం పైభాగంలో, వైరు మీదకుండేలా కొంచెం ఏటవాలుగా ఉండాలి. కింద పెడితే పొద్దున్నే గొట్టంలో పట్టిన చెమట వేడి పింగాణీ మీద పడి అది చిట్లిపోతుంది. దీని కనెక్టరు కోసి వైర్లు పొడుగు చేయకూడదు. ఆ కనెక్టరు లోపలే చిన్న రెసిస్టరు ఉంటుంది. ఫ్యాక్టరీలో ఆ ఒక్క సెన్సరుకి కొలిచి పెట్టిన అంకె అది. కంట్రోలరుకి కరెంటు ఇగ్నిషన్ నుంచి రిలే ద్వారా, విడి ఫ్యూజుతో ఇచ్చాను. ఎర్త్ ఇంజిను బ్లాకు మీద ఒకే బోల్టుకి. బాడీకి ఒకటి, డాష్‌బోర్డుకి ఒకటి ఇస్తే వోల్టులో పదోవంతు తేడా వచ్చినా గేజిలో అంకె అబద్ధమవుతుంది. వైరు ప్లగ్గు వైర్లకి దూరంగా తిప్పాను. గేజిని లాంబ్డా మీద పెట్టాను. గాలి, పెట్రోలు నిష్పత్తి మీద పెడితే అది పాత పెట్రోలు లెక్కలో 14.7 అనే చూపిస్తూ మనల్ని తికమక పెడుతుంది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. నేను తోలుతున్నాను, మావయ్య గేజి చదువుతూ పుస్తకంలో రాస్తున్నారు. చదును రోడ్డు మీద యాభై వేగంలో 1.10. వంతెన మొదలైంది, పూర్తిగా తొక్కాను.

"ఒకటి పాయింట్ సున్నా నాలుగు అల్లుడూ. అక్కడే ఉంది, దిగట్లేదు."

ఆ ఒక్క మాటతో నాకు సగం పని అయిపోయింది. బరువు పడ్డప్పుడు కార్బురేటరు అదనంగా పెట్రోలు ఇచ్చి 0.9 దగ్గరికి రిచ్ చేయాలి. ఇథనాల్ ఒక్కటే కారణమైతే అన్నిచోట్లా ఒకే శాతం తేడా ఉండాలి. వంతెన మీద తేడా ఇంత ఎక్కువుందంటే ఇంకేదో ఉంది. విప్పి చూస్తే ఆ అదనపు పెట్రోలు వదిలే పవర్ వాల్వు జిగురుపట్టి బిగుసుకుపోయింది. శుభ్రం చేసి మళ్లీ వెళ్లాం, వంతెన మీద 0.96. తర్వాత మెయిన్ జెట్టు ఒక మెట్టు పెద్దది వేశాను. చదును మీద 1.02, వంతెన మీద 0.89. ప్లగ్గులు విప్పితే మా గురువుగారు చెప్పిన బిస్కెట్ రంగు.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఇది పాత కార్బురేటరు బండిని తయారైనప్పటి స్థితికి తీసుకురావడం. కొత్త కారులో సెన్సరు సిగ్నల్‌ని మోసం చేసే పెట్టెలు, కన్వర్టరు తీసేసి దాని వెనక ఉండే రెండో సెన్సరుకి అడ్డుపెట్టే ముక్కలు తెమ్మని కుర్రాళ్లు వస్తుంటారు. నేను చేయను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అలాంటి మార్పుల్ని ఒప్పుకోదు. ఆ పొగ పీల్చేది స్కూలు గేటు దగ్గర నిలబడ్డ మన పిల్లలే.

పనయ్యాక సెన్సరు విప్పేశాను. కరెంటివ్వకుండా వదిలేస్తే హీటరు వెలగదు, చల్లటి ముక్కు మీద మసి పేరుకుని పాడైపోతుంది. మావయ్యకి ఆ గేజి వదలాలని లేదు. "ఉంచెయ్ అల్లుడూ, చించినాడ వంతెన మీద కూడా చూద్దాం" అన్నారు. మర్నాడు మళ్లీ బిగించాను. దిండి దాటి వశిష్ట మీదికి ఎక్కాం. ఆయన కళ్లజోడు సర్దుకుని గేజి మీదకి వంగి, "ఎనభై తొమ్మిది. ఎనభై తొమ్మిది. తొంభై" అని చదువుతూ ఒక్కొక్కటే పుస్తకంలో వేసుకున్నారు. తిరిగొచ్చాక ఆ రంధ్రానికి బోల్టు బిగించాను.