విల్లియనూరు మురుగుకాలువలో దోమ మందును ఎలా జయిస్తుంది?

పుదుచ్చేరి నగరానికి పడమరగా సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న విల్లియనూరులో ఈశాన్య రుతుపవనాల వానలు వెలిశాక, మురుగుకాలువల్లో నిలిచిన నీరు క్యూలెక్స్ దోమకు పుట్టిల్లవుతుంది. బోదకాలు వ్యాధిని మోసేది ఈ దోమే. గోదావరి జిల్లాల పాఠకులకు ఈ వ్యాధి గురించి కొత్తగా చెప్పనక్కరలేదు.

మందు చల్లినా దోమలు తగ్గకపోతే, అవి మందుకు అలవాటు పడ్డాయని జనం అంటారు. ఈ మాట పూర్తిగా సరికాదు. ఏ దోమా తన జీవితకాలంలో విషాన్ని తట్టుకోవడం నేర్చుకోదు. ఒక కాలువలో పది వేల లార్వాలు ఉన్నాయనుకుందాం. మందు పడకముందే వాటిలో నాలుగైదింటికి పుట్టుకతో వచ్చిన చిన్న తేడా ఉండవచ్చు. మందు తక్కినవాటిని చంపి, ఆ నాలుగైదింటికి కాలువను అప్పగిస్తుంది. ఒక ఆడదోమ ఒక్క విడతలో రెండు వందల వరకు గుడ్లు పెట్టగలదు. వెచ్చని నీటిలో గుడ్డు దోమ కావడానికి పదిరోజులు చాలు. అందుచేత ఏడాదిలోనే ఎన్నో తరాలు గడుస్తాయి. ఎంపిక చేసేది మందే. దోమ చేసేదల్లా సంతానాన్ని కనడమే.

ఇది ఊహ కాదు. కొచ్చిలో క్యూలెక్స్ లార్వాలపై బాసిల్లస్ స్ఫెరికస్ అనే బ్యాక్టీరియాతో చేసిన మందును రెండేళ్లపాటు పదే పదే చల్లారు. అక్కడి లార్వాలు మామూలు లార్వాల కంటే దాదాపు 150 రెట్లు ఎక్కువ మోతాదును తట్టుకుంటున్నాయని మదురైలోని వైద్య కీటకశాస్త్ర పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు 1995లో వెల్లడించారు. రసాయనం కాదు, జీవసంబంధమైన మందు కాబట్టి భయం లేదన్న ధీమాను ఈ ఫలితం సడలించింది.

కారణం లార్వా ప్రేగులో ఉంది. ఈ బ్యాక్టీరియా ప్రధాన విషం అక్కడి ఒకే రకం గ్రాహకానికి అంటుకోవాలి. గ్రాహకం మారితే విషానికి ఇక చోటుండదు. బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇస్రాయెలెన్సిస్ సంగతి వేరు. అందులో నాలుగు ముఖ్యమైన విష ప్రొటీన్లు కలిసి పనిచేస్తాయి. నాలుగింటినీ ఒకేసారి తప్పించుకునే లార్వా పుట్టడం చాలా అరుదు. మూసిన గోతుల్లో నీటిపై తేలే థర్మోకోల్ పూసలు పరచి లార్వాలకు ఊపిరాడకుండా చేసే పద్ధతి కూడా ఉంది. పూసలను తట్టుకోవడం దోమకు అంత తేలిక కాదు.

పుదుచ్చేరిలోని రోగవాహక కీటక నియంత్రణ పరిశోధన కేంద్రం ఇప్పుడు మరో దారి కూడా పరీక్షిస్తోంది. డెంగీ వైరస్‌ను తనలో పెరగనివ్వకుండా అడ్డుకునే వోల్బాకియా బ్యాక్టీరియా గల ఈడిస్ దోమలను అభివృద్ధి చేసినట్టు 2022లో ప్రకటించింది. అయితే ఈడిస్ పెరిగేది తొట్టెల్లో, పాత టైర్లలో నిలిచే మంచినీటిలో. విల్లియనూరు మురుగుకాలువలోని క్యూలెక్స్‌కు ఈ ఉపాయం అలాగే వర్తించదు.

కాలువకు సంబంధించినంత వరకు పని సామాన్యమైనదే, కానీ ఓపిక కావాలి. లార్వాలను సేకరించి, నిర్ణీత మోతాదు మందు కలిపిన నీటిలో వదిలి, గడువు ముగిశాక ఎన్ని బతికాయో లెక్కించాలి. బతికినవాటి సంఖ్య పెరుగుతూ ఉంటే, కాలువలో మందు పూర్తిగా విఫలం కాకముందే దానిని మార్చే వ్యవధి ఉంటుంది.