చమురు బావి దగ్గర వేళ్ళని కాపాడే కప్లింగు
(రేడియో ప్రసంగ పాఠం)

ఈ వారం ఒక చిన్న ఇనప వస్తువు గురించి చెప్పుకుందాం. దాని పేరు క్విక్ కనెక్ట్ కప్లింగు. చమురు బావిలోకి దింపే పనిముట్లని ఒకదానికొకటి త్వరగా, ప్రమాదం లేకుండా తగిలించటానికి వాడే జోడింపు అది. కంప్యూటర్ల వాడికి చమురు బావులతో పనేమిటని మీకు అనుమానం రావచ్చు. హ్యూస్టన్‌లో కన్సల్టింగు చేసేవాడు ఎప్పుడో ఒకప్పుడు చమురు కంపెనీ గుమ్మం ఎక్కక తప్పదు. పనిముట్ల తనిఖీ రికార్డులకి ప్రోగ్రాములు రాస్తూ, అసలవి ఏమిటో, ఎలా బిగిస్తారో అక్కడి ఇంజనీర్లని అడిగి తెలుసుకున్నాను. ఇక్కడా, గల్ఫ్‌లోనూ ఈ పరిశ్రమని నమ్ముకున్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి కనుక, ఇది మనకి తెలియాల్సిన విషయమే.

చమురు బావి ప్రమాదం అనగానే మనకి పాశర్లపూడి గుర్తుకొస్తుంది. 1995 జనవరి 8న కోనసీమలో ఓ.ఎన్.జి.సి. బావిలోంచి గ్యాసు ఎగదన్ని అంటుకుంది. ఆ మంట ఆర్పటానికి రెండు నెలల పైనే పట్టింది. అలాంటివి పేపర్లకెక్కుతాయి. కానీ రిగ్గు మీద రోజూ పొంచి ఉండే ప్రమాదం వేరు. రెండు గొట్టాల మధ్య వేలు నలగటం, పానా జారి మోచేతికి తగలటం, పైన వేలాడేది ఊగి వచ్చి మనిషిని కొట్టటం. అమెరికాలో 2003 నుంచి 2010 దాకా లెక్క చూస్తే, చమురు, గ్యాసు వెలికితీసే పనిలో ఏటా లక్షమంది కార్మికులకి 27.1 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. అన్ని ఉద్యోగాలూ కలిపి చూస్తే ఆ సంఖ్య 3.8 మాత్రమే. వీటికి అన్నిటికన్నా పెద్ద కారణం రోడ్డు ప్రమాదాలే అయినా, వస్తువులు తగిలి పోయినవాళ్ళూ తక్కువేం కాదు. వేళ్ళు పోయినవాళ్ళు ఈ లెక్కలోకే రారు.

మన ఊళ్ళలో బోరులోకి మోటారు దింపటం చూసినవాళ్ళకి రిగ్గు పని తేలిగ్గానే అర్థమవుతుంది. మూడుకాళ్ళ స్టాండు, దానికొక చైను పుల్లీ. మోటారుకి మొదటి పైపు బిగించి దింపుతారు. బోరు మూతి దగ్గర క్లాంపు వేసి ఆపుతారు. రెండో పైపు తెచ్చి మరలు కలిపి పానాతో బిగిస్తారు. క్లాంపు తీసి మళ్ళీ దింపుతారు. క్లాంపు జారినా, మరలు సరిగ్గా పడకపోయినా మోటారు బోరులోకి పోతుంది. ఆ పని చేసేవాళ్ళలో వేలు నలగనివాడు అరుదు.

చమురు రిగ్గు మీద జరిగేదీ ఇదే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. ఒక్కొక్క డ్రిల్ పైపు సుమారు 30 అడుగులుంటుంది. పళ్ళున్న ఇనప దిమ్మలని గొట్టం చుట్టూ ఇరికించి కింది పైపుని ఆపుతారు. పై పైపుని దాని మీదకి దింపి, తిప్పి, టాంగ్స్ అనే పెద్ద పానాలతో బిగిస్తారు. మన కారు చక్రం నట్టుకి దాదాపు 100 అడుగు-పౌండ్ల బిగింపు చాలు. 5 అంగుళాల డ్రిల్ పైపు కీలుకి అది 20 వేలు దాటుతుంది. పూర్వం పైపుని తిప్పటానికి దాని చుట్టూ గొలుసు విసిరి యంత్రంతో లాగేవారు. ఆ గొలుసుకి చిక్కి ఎందరి వేళ్ళు పోయాయో! 1970ల నుంచి ఐరన్ రఫ్‌నెక్ అనే యంత్రాలు ఆ పనిని చేతుల్లోంచి తీసుకోవటం మొదలుపెట్టాయి.

ఇది పైపుల సంగతి. బావిలోకి పోయేవి పైపులే కాదు, పరికరాలు కూడా. రాయిలో చమురుందో నీళ్ళున్నాయో చెప్పే లాగింగు పనిముట్లు అందులో ఒక రకం. 1927 సెప్టెంబరు 5న ఫ్రాన్సులోని పెషెల్‌బ్రోన్ అనే చోట ష్లుంబర్జే అన్నదమ్ముల బృందం మొదటిసారి ఇలా విద్యుత్తుతో ఒక బావిని కొలిచింది. ఇప్పుడు అలాంటి కొలత కోసం నాలుగైదు పనిముట్లని ఒకదాని కింద ఒకటి తగిలించి తీగతో దింపుతారు. ఒక్కొక్కటీ మనిషికన్నా పొడవు. అన్నీ కలిస్తే ఒక్కోసారి 100 అడుగులు దాటుతుంది.

వీటి లోపల కరెంటు తీగలుంటాయి. కంప్యూటరు వెనక పెట్టే ప్లగ్గులాగా పిన్నులకి ఎదురుగా రంధ్రాలు రావాలి. అందుచేత పనిముట్టుని మొత్తంగా తిప్పి బిగించటానికి వీల్లేదు, పిన్నులు విరిగిపోతాయి. గాడిలో పడేలా రెండిటినీ కలిపి, బయట విడిగా తిరిగే మరల ఉంగరాన్ని పానాతో బిగిస్తారు. ఇదంతా పై పనిముట్టు క్రేనుకో రిగ్గు కొక్కేనికో వేలాడుతుండగా జరగాలి. ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు సరిచూడాలి, మరొకరు తిప్పాలి. చేతులకి గ్రీజు, కింద బురద. ఒక్కోసారి అర్ధరాత్రి, ఒక్కోసారి గల్ఫ్ ఎండ. మరలు అడ్డంగా పడితే విప్పి మళ్ళీ మొదలు. ఎన్ని కీళ్ళుంటే అన్నిసార్లు మనుషులు వేలాడే బరువు పక్కన నిలబడాలి.

క్విక్ కనెక్ట్ తగ్గించేది ఆ నిలబడే సమయాన్ని. ఇండియాలో వంటగ్యాసు సిలిండరుకి రెగ్యులేటరు పెట్టటం గుర్తు చేసుకోండి. రింగు పైకి పట్టుకుని వాల్వు మీద కూర్చోబెట్టి నొక్కి వదిలితే టక్కుమంటుంది. పానా లేదు, చుట్లు తిప్పటం లేదు. రెగ్యులేటరు తీసేస్తే వాల్వు తనంతట తనే మూసుకుంటుంది. ఇక్కడ మన పెరట్లో గ్రిల్లుకి పెట్టే ప్రొపేను సిలిండరుదీ అదే దారి. పాత రకానికి ఎడమవైపు తిరిగే మరలుండేవి, పానా కావలసివచ్చేది. ఇప్పటిది చేత్తో తిప్పితే చాలు. పైగా గొట్టం సరిగ్గా కూర్చోకపోతే గ్యాసే రాదు.

బావి పనిముట్లకి వాడే క్విక్ కనెక్టుల్లో ఒక సామాన్యమైన రకం ఇలా ఉంటుంది. ఒక పనిముట్టు చివర రెండు మూడు చెవుల్లాంటి ఉబ్బెత్తులుంటాయి. ఎదుటిదానిలో వాటికి సరిపడా గాళ్ళు. లోపలికి నెట్టి పావు చుట్టు తిప్పితే ఉబ్బెత్తులు అంచు కిందకి చేరతాయి. అప్పుడు స్ప్రింగు మీద ఉన్న తొడుగు తన స్థానంలోకి జారి, వెనక్కి తిరగకుండా ఆపుతుంది. విప్పాలంటే ముందు తొడుగు ఎత్తాలి, తరువాత తిప్పాలి. రెండు వేరువేరు కదలికలు కావాలి కనుక బావిలో కుదుపులకి తనంతట తాను ఊడదు. తిప్పటానికి వీల్లేని, కరెంటు తీగలున్న వాటికి నేరుగా నెడితే పడే రకాలున్నాయి.

పేలుడు పదార్థం ఉన్న పనిముట్లకి ఇది మరీ ముఖ్యం. బావి తవ్వి, ఉక్కు కేసింగు దింపి, చుట్టూ సిమెంటు పోశాక, చమురు లోపలికి రావటానికి ఆ కేసింగుకి చిల్లులు పెట్టాలి. అందుకు పెర్ఫొరేటింగ్ గన్ను అనే గొట్టంలో చిన్న చిన్న మందుగుండు గిన్నెలు అమర్చి, లోతుకి దింపి పేలుస్తారు. పాత పద్ధతిలో బావి దగ్గరే, ట్రక్కు పక్కన నిలబడి, డిటొనేటరు తీగలని చేత్తో మెలిపెట్టి కలిపేవారు. మామూలు విద్యుత్ డిటొనేటర్లకి ఎక్కడి నుంచో వచ్చిన రేడియో తరంగం కూడా ప్రమాదమే. అందుకే ఆ సమయంలో సెల్ ఫోన్లు, రేడియోలు ఆపించేస్తారు. పశ్చిమ టెక్సస్‌లో ఇప్పుడు వాడే గన్నులలో చాలావాటికి లోపలి తీగలు ఫ్యాక్టరీలోనే అమర్చి వస్తాయి. బావి దగ్గర ఒకదానికొకటి బిగిస్తే లోపలి కనెక్టర్లు వాటంతటవే కలుస్తాయి. తీగ తప్పుగా కలిపే అవకాశం తగ్గింది, పేలుడు పదార్థం దగ్గర వేళ్ళు పెట్టే సమయమూ తగ్గింది.

ఇంత సుఖంగా ఉంటే అన్నిచోట్లా ఇదే ఎందుకు పెట్టరు? మరలకి ఒక గొప్ప గుణం ఉంది. బరువుని చాలా చుట్ల మీద పంచుకుంటాయి. టక్కున పడే జోడింపులో ఆ బరువంతా రెండు మూడు ఉబ్బెత్తుల మీదే పడుతుంది. డ్రిల్ పైపు మోసే బరువుకీ, తట్టుకునే మెలికకీ మరలే ఇప్పటికీ సరైనవి. అవి కూడా సూటిగా కాక, మూతి దగ్గర వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నంగా ఉంటాయి. అందువల్ల పై పైపు చాలావరకు ఊరికే లోపలికి దిగిపోయి, కొద్ది చుట్లతోనే బిగుసుకుంటుంది. అదీ ఒక రకం క్విక్ కనెక్టే.

ఇంకో అపాయం ఉంది. మరలు సగమే పడితే చేతికి తెలుస్తుంది. లాకు సగమే పడితే పైకి పూర్తిగా పడ్డట్టే కనిపించవచ్చు. ఆ పనిముట్టు కింద నిలబడినవాడి మీద పడినా పడుతుంది, బావిలోకి జారినా జారుతుంది. జారినదాన్ని వెతికి పట్టటాన్ని ఇక్కడ ఫిషింగు అంటారు. సముద్రం మీద రిగ్గుల అద్దె రోజుకి లక్షల డాలర్లు కనుక ఆ చేపలవేట చాలా ఖరీదైనది.

కనుక మంచి కప్లింగుని నాలుగు ప్రశ్నలు అడగాలి. ఒకటి, తప్పు దిక్కులో పెడితే అసలు లోపలికి పోకుండా ఉంటుందా? రెండు, లాకు పడిందని కంటికి కనిపిస్తుందా? రంగు గీత మూసుకుపోవటమో, చిన్న కిటికీలో పిన్ను కనపడటమో ఉండాలి. రిగ్గు హోరులో చప్పుడుని నమ్మటానికి లేదు. మూడు, బరువు పడ్డప్పుడు ఇంకా బిగుసుకుంటుందా, వదులవుతుందా? లోపలి మూత ఉన్న ప్రెషరు కుక్కరుని చూడండి. ఆవిరి ఉన్నంతసేపూ మూతని ఆ ఆవిరే పట్టి ఉంచుతుంది. నాలుగు, మట్టి చేరినా, మందపాటి గ్లవ్స్ వేసుకున్న చేతికైనా పనిచేస్తుందా? ఈ నాలుగిటికీ జవాబు బాగుంటేనే అది భద్రమైన కప్లింగు. కాకపోతే తొందరగా పడే కప్లింగు మాత్రమే.

భద్రత శాస్త్రంలో ఒక వరస చెబుతారు. ప్రమాదాన్ని అసలు లేకుండా చేయటం అన్నిటికన్నా మేలు. తరువాతది యంత్రంలోనే రక్షణ పెట్టటం. ఆ కిందది నియమాలు, శిక్షణ. చిట్టచివరిది గ్లవ్స్, హెల్మెట్లు. మనం మాత్రం "జాగ్రత్తగా ఉండు నాయనా" అని కింది మెట్టు దగ్గరే ఆగిపోతాం. చాలా కంపెనీల్లో ప్రమాదం కనిపిస్తే ఎవరైనా పని ఆపించవచ్చన్న నియమం ఉంది. అయితే కాంట్రాక్టు వీసా మీద కొత్తగా వెళ్ళిన కుర్రాడు, పన్నెండు గంటల షిఫ్టు చివర్లో, పెద్ద సూపర్వైజరు ముందు "ఆపండి" అనగలడా? అనలేనివాడి వేళ్ళు కూడా మిగలాలంటే ఆ రక్షణ ఇనుములోనే ఉండాలి.

మీ ఇంట్లో ఎవరైనా రిగ్గుల మీద పనిచేస్తుంటే ఈసారి ఫోనులో అన్నం తిన్నావా అని అడిగాక, ఇంకో ప్రశ్న కూడా అడగండి. "మీరు పనిముట్లు తగిలించేటప్పుడు లాకు పడిందని ఎలా తెలుస్తుంది? అప్పుడు నీ చేతులెక్కడుంటాయి?" జవాబు వెంటనే వస్తే సంతోషం. తడుముకుంటే, మర్నాడు పనిలోకి వెళ్ళగానే అదే ప్రశ్న వాళ్ళ సూపర్వైజరుని అడగమనండి. పెట్రోలియం ఇంజనీరింగు చదువుతున్న పిల్లలుంటే, ఆ నాలుగు ప్రశ్నలూ వాళ్ళకి ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు.