టూర్ డి ఫ్రాన్స్: మొదటి వారంలోనే అసలు పోటీదారుల్ని కనిపెట్టడం ఎలా?

టూర్ డి ఫ్రాన్స్‌లో మొత్తం 21 స్టేజీలు. మొదటి వారం లీడర్‌బోర్డ్ ఒక్కటే చూసి అంచనా వేస్తే బోల్తా పడతారు. 2019లో జూలియన్ అలాఫిలిప్ 14 రోజులు పసుపు జెర్సీ వేసుకున్నా చివరికి దక్కింది ఐదో స్థానమే. 2020లో తదేయ్ పొగాచార్ ఏడో స్టేజీలో పక్కగాలికి ముందు గుంపు నుంచి విడిపోయి 1 నిమిషం 21 సెకన్లు పోగొట్టుకున్నాడు. అయినా టైటిల్ కొట్టింది అతనే.

మరి ఏం చూడాలి? మొదటి పెద్ద ఘాట్. చదును రోడ్డు మీద ముందువాడి వెనకాల దాక్కుని శక్తి మిగుల్చుకోవచ్చు, ఘాట్‌లో ఆ లాభం బాగా తగ్గిపోతుంది. 2024లో నాలుగో స్టేజీలోనే గలిబియే ఘాట్ మీద పొగాచార్ అందర్నీ వదిలేసి వెళ్లాడు. ఆ ఏడాది గెలిచిందీ అతనే.

లెక్క సింపుల్. గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కుతున్నాడో అదే వీఏఎం. ఏటవాలు శాతాన్ని 10తో గుణించి 200 కలపండి, దాంతో వీఏఎంని భాగించండి. కిలో బరువుకి ఎన్ని వాట్లో సుమారుగా వచ్చేస్తుంది. 8 శాతం ఏటవాలులో వీఏఎం 1,680 అయితే, 1,680 ÷ 280 = 6. అరగంటసేపు 6కి తగ్గనివాళ్లనే లిస్టులో ఉంచుకోండి. గాలి వల్ల అంకె మారుతుంది కాబట్టి ఒకే రోజు, ఒకే ఘాట్‌లో పోల్చండి.

మీ వీఏఎం తెలుసుకోవాలంటే మా కడప వాళ్లకి గువ్వలచెరువు ఘాట్ ఉండనే ఉంది. ఎత్తుకి ఫోన్ జీపీఎస్‌ని నమ్మొద్దు, బారోమీటర్ ఉన్న వాచ్ వాడండి. లారీలతో మాత్రం జాగ్రత్త!