పొగరు కాదు, జబ్బు కావచ్చు

హైదరాబాద్‌లో ఎవరి మీదైనా విసుగొస్తే ‘వీణ్ని ఎర్రగడ్డలో వెయ్యాలి’ అనేస్తాం. తెలుగు సినిమా కూడా ఈ మాటతో తెర మీద చాలా నవ్వులే పండించుకుంది. 1953లో జాల్నా నుంచి ఎర్రగడ్డకు తరలివచ్చిన ప్రభుత్వ మానసిక వైద్యశాలకు ఇలా అంటుకున్న వెటకారం ఎక్కువగా తగిలేది కేసుల్లో ఇరుక్కున్న పిల్లలకు. కొడుకు సైదాబాద్ జువైనల్ హోమ్‌లో ఉన్నాడంటే ఎలాగో తట్టుకునే ఇంటివాళ్లు కూడా ఎర్రగడ్డ పేరెత్తితే జంకుతారు.

కానీ ఆ పిల్లల్లో వైద్యం అవసరమైనవాళ్లు తక్కువేం కాదు. నిర్బంధంలో ఉన్న 32,787 మంది కౌమారుల మీద వివిధ దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను బ్యూడ్రీ, ఫాజెల్ తదితర పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. తీవ్రమైన కుంగుబాటు అబ్బాయిల్లో పదిమందిలో ఒకరికి, అమ్మాయిల్లో నలుగురిలో ఒకరికి ఉంది. నిలకడలేమి, దుడుకుతనం ప్రధాన లక్షణాలైన ఏడీహెచ్‌డీ ఇద్దరిలోనూ 17 శాతం దాటింది.

చిక్కేమిటంటే, ఈ వయసులో జబ్బు జబ్బులా కనపడదు. కుంగిపోయిన కుర్రాడు ఏడవకపోవచ్చు, అయినదానికీ కానిదానికీ చిరాకుపడతాడు. చిన్నప్పటి నుంచి దెబ్బలు తిన్నవాడి మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా ఎప్పుడూ అప్రమత్తంగానే ఉంటుంది. ఎదుటివాడు చెయ్యెత్తితే చాలు, వీడు ముందే కొట్టేస్తాడు. ఆ ఉద్రేకానికి పగ్గం వెయ్యాల్సిన ముందుభాగపు మెదడు పూర్తిగా ఎదగడానికి పాతికేళ్లు పడుతుంది. హోమ్ సిబ్బందికి మాత్రం ఇదంతా పొగరే. దీనికి వైట్‌నర్, సొల్యూషన్ పీల్చే అలవాటు తోడైతే చెప్పనక్కర్లేదు. 2019 నాటి జాతీయ సర్వే ప్రకారం ఇలా పీల్చే మత్తు పెద్దల్లో 0.58 శాతమైతే పిల్లల్లో 1.17 శాతం.

భయపెడితే దారికొస్తారని మనవాళ్ల నమ్మకం. అమెరికాలో పిల్లల్ని జైళ్లకు తీసుకెళ్లి ఖైదీల చేత బెదిరించి చూశారు. పరిశోధనల్లో తేలింది, అలా వెళ్లొచ్చినవాళ్లే ఎక్కువ నేరాలు చేశారని! పనిచేసేది ఆలోచనాతీరును మార్చే సీబీటీ చికిత్స, కుటుంబాన్ని కూడా కూర్చోబెట్టి చేసే కౌన్సెలింగ్, అవసరమైతే మందులు.

మన చట్టం వెనకబడి లేదు. మానసిక వ్యాధి లేదా మత్తుకు బానిసైన లక్షణాలు కనపడితే పిల్లల్ని చికిత్సకు పంపే అధికారం 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 93వ సెక్షన్ జువైనల్ జస్టిస్ బోర్డుకిచ్చింది. ఆసుపత్రిలో మైనర్లను పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అయినా మనస్తత్వ నిపుణుడి పేరు వార్తల్లో వినపడేది, ఘోర నేరాల్లో పదహారు దాటినవాణ్ని పెద్దవాడిగా విచారించాలా వద్దా అని తేల్చేటప్పుడే. కొలవడానికి పిలిచిన నిపుణుణ్ని నయం చెయ్యడానికి పిలవకపోవడం అన్యాయం.

మీకు తెలిసిన పిల్లవాడెవరైనా బోర్డు ముందుంటే, బెయిలుతో పాటు వైద్యం సంగతీ అడగండి. లాయరును పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలో ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.