పడవకు తగిన ప్రొపెల్లరు

సెలవు దినములలో రంభకో, బర్కుల్‌కో పోయి చిల్కా సరస్సుపై మోటారు పడవ నెక్కినవారు మన పాఠశాలలో పలువురు గలరు. పడవ నెక్కినవారి చూపు మొదట ఇంజను మీదికి పోవును. అది యెన్ని అశ్వశక్తులు గలది, వెల యెంత, ఎంత చమురు త్రాగును అని విచారింతురు. ఆ శక్తిని నీటికి అందించు ప్రొపెల్లరును గూర్చి అడుగువారు అరుదు. అది నీటిలో మునిగి కంటికి కానరాకుండుటయే యిందులకు కారణము కావచ్చును. ఇంజను త్రిప్పుట వఱకే చేయును. పడవను ముందునకు నెట్టునది ప్రొపెల్లరే.

తగని ప్రొపెల్లరును బిగించిన పడవ చమురును వృథా చేయును. ఇంజను ఆయువు తగ్గును. జనము నెక్కించుకొని యెదురుగాలిలో తీరము చేరవలసినపుడు అట్టి పడవను నమ్మరాదు. పడవ కొనదలచిన తల్లిదండ్రులకును, లెక్కలు నేర్చుచున్న విద్యార్థులకును ఉపయోగపడునని తలచి, విహారపు మోటారు పడవకు ప్రొపెల్లరును ఎట్లు ఎంచుకొనవలెనో యిచట వివరించుచున్నాము. ఇందులకు పెద్ద గణితము అక్కఱలేదు. గుణకారము, భాగహారము తెలిసిన చాలును.

మొదట అది చేయు పనిని తెలిసికొందము. ప్రొపెల్లరు రెక్కలు కొంచెము మెలి తిరిగి యుండును. అవి తిరుగునపుడు నీటిని వెనుకకు త్రోయును. ప్రతి చర్యకును సమానమైన ప్రతిచర్య యెదురు దిశలో కలుగునని న్యూటన్ చెప్పిన సూత్రము పై తరగతులవారు చదివినదే. నీరు వెనుకకు పోవుటచే పడవ ముందునకు పోవును.

ఈ సాధనము మనుజుని బుద్ధికి ఒక్కనాడు తోచినది కాదు. 1836లో ఇంగ్లండు దేశమున ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అను నతడు పడవను నడపు మరకు పేటెంటు పొందెను. అతని మర కొయ్యతో చేయబడి, రెండు పూర్తి చుట్లు కలిగి, పొడవుగా నుండెను. 1837లో లండను నగరపు ప్యాడింగ్టన్ కాలువలో దానిని పరీక్షించుచుండగా మరలో సగము విరిగిపోయెను. పడవ నిలిచిపోవునని యెవరైనను తలంతురు. అది యంతకు ముందుకన్న వేగముగా పరుగెత్తెను! పొడవైన మరకన్న పొట్టి మరయే మేలని అట్లు బయటపడెను. ప్రొపెల్లరు విషయమున ఊహకన్న నీటిలో చేసిన పరీక్షయే ప్రమాణమని యీ కథ చెప్పుచున్నది. నేటికిని ఆ మాట చెల్లుచున్నది.

ఇక ప్రొపెల్లరుపై ముద్రింపబడు అంకెలను చూతము. ఒక దానిపై 10 3/8 × 13 అని యున్నదనుకొందము. ఇందు మొదటి అంకె వ్యాసము. అనగా రెక్కల కొనలు గీయు వృత్తమునకు అడ్డకొలత, అంగుళములలో. రెండవ అంకెకు పిచ్ అని పేరు. దీనిని తెలిసికొనుటకు ఒక మరమేకును చెక్కలోనికి బిగించి చూడుడు. ఒక్క చుట్టు త్రిప్పగా అది కొంత దూరము లోనికి దిగును. అట్లే, చెక్కవంటి గట్టి పదార్థమున తిరిగినచో ఒక్క చుట్టుకు ప్రొపెల్లరు ఎంత ముందునకు పోవునో ఆ దూరమే పిచ్. పై దానికి అది 13 అంగుళములు, అనగా సుమారు 33 సెంటీమీటర్లు.

వ్యాసమును సాధారణముగా ఇంజను శక్తిని, గేరును బట్టి తయారుదారులే నిర్ణయింతురు. కొనువాడు ముఖ్యముగా తేల్చుకొనవలసినది పిచ్.

ఒక లెక్క చేయుదము. 40 అశ్వశక్తుల ఇంజను నిమిషమునకు 5500 చుట్లు తిరుగుచున్నది. దాని గేరు నిష్పత్తి 2. అనగా ఇంజను రెండు చుట్లు తిరిగిన ప్రొపెల్లరు ఒక చుట్టు తిరుగును. కావున ప్రొపెల్లరు చుట్లు నిమిషమునకు 2750. ఒక్కొక్క చుట్టుకు 33 సెంటీమీటర్ల వంతున నిమిషమునకు సుమారు 908 మీటర్లు, గంటకు 54.5 కిలోమీటర్లు. కాని పడవలో కూర్చుండి కొలిచినచో వేగము 46 కిలోమీటర్లే యున్నది. మిగిలిన 8.5 కిలోమీటర్లు ఏమయ్యెను?

నీరు చెక్క కాదు. రెక్క నెట్టగా అది వెనుకకు జారును. ఈ తేడాకు జారుడు అని పేరు పెట్టుకొందము. 8.5ను 54.5చే భాగించిన సుమారు 16 శాతము వచ్చును. తేలికపాటి వేగపు పడవలకు 10 నుండి 20 శాతము వఱకు జారుడు సాధారణము. దీనిని చూచి బెదరవలదు. నీటిని వెనుకకు త్రోసియే పడవ ముందునకు పోవుచున్నది గాన, జారుడు బొత్తిగా లేనిచో నెట్టుడును లేదు. అది మితిమీరినచో మాత్రము రెక్కలు వంగినవేమో, పడవ అడుగున నాచు పట్టినదేమో, బరువు ఎక్కువైనదేమో చూడవలెను.

పిచ్ ఎక్కువైనకొలది వేగము పెరుగును గదా, అన్నిటికన్న పెద్ద పిచ్ గల దానినే కొనరాదా యని విద్యార్థులు అడుగవచ్చును. గేర్ల సైకిలు త్రొక్కినవారికి దీని జవాబు తెలియును. ఎత్తైన వంతెన నెక్కునపుడు బరువైన గేరు వేసినచో కాళ్లు కదలవు, మోకాళ్లు నొచ్చును. పల్లములో తేలికైన గేరు వేసినచో కాళ్లు గిరగిర తిరుగునే కాని వేగము పెరుగదు. ఇంజను స్థితియు నిట్టిదే. పిచ్ మితిమీరినచో అది తన చుట్లను అందుకొనలేక మూలుగుచు, వేడెక్కి, చమురును సరిగా మండింపక చెడును. పిచ్ మరీ తగ్గినచో అది మితిమీరి తిరిగి, లోపలి భాగములు త్వరగా అరుగును.

మరి మితమెంత? ఇంజనుతో వచ్చు పుస్తకములోనే యది యుండును. థ్రాటిలును పూర్తిగా తెరచినపుడు ఇంజను నిమిషమునకు ఎన్ని చుట్లు మొదలుకొని ఎన్ని చుట్ల వఱకు తిరుగవలెనో అందు వ్రాసియుందురు. మన లెక్కలోని ఇంజనుకు అది 5000 నుండి 6000 అనుకొందము. పూర్తి థ్రాటిలులో ఈ రెండు అంకెల నడుమ ఇంజనును నిలుపగలిగినదే తగిన ప్రొపెల్లరు. పిచ్ ఒక అంగుళము తగ్గించిన చుట్లు సుమారు 150 నుండి 200 వఱకు పెరుగును. పెంచిన అంతే తగ్గును. ఈ సూత్రము నొక్కదానిని గుర్తుంచుకొనిన తక్కిన దంతయు సులభము.

ఒక కుటుంబమువారి పడవను తీసికొందము. 13 అంగుళముల పిచ్‌తో ఇద్దరే పోవునపుడు ఇంజను 5500 చుట్లు తిరుగుచున్నది. కాని వారు ఎక్కువగా ఆరుగురు కలిసి పోవుదురు. అప్పుడు చుట్లు 4800కు పడిపోయి, పడవ ముక్కు పైకెత్తి, తోక నీటిలో ఈడ్చుచున్నది. పిచ్ 11కు దించినచో ఆరుగురితో 5100 నుండి 5200, ఇద్దరితో 5800 నుండి 5900 చుట్లు రావచ్చును. రెండును మితములోనే యున్నవి. 10కి దించినచో నేమగును? ఆరుగురితో 5250 నుండి 5400; ఇది యింకను బాగుగనే తోచును. కాని ఇద్దరితో 5950 నుండి 6100 వఱకు పోయి మితము దాటవచ్చును. కావున వారికి 11 తగినది. తేలికగా పోవునపుడు పై వేగము కొంత తగ్గుట నిజమే. నిండు పడవ చక్కగా లేచి తీరము చేరుటకు అది చెల్లింపవలసిన వెల.

ఒక హెచ్చరిక. పిచ్ తగ్గించినచో పడవ మఱికొందరిని మోయునని తలపరాదు. ఎందరు ఎక్కవచ్చునో నిర్ణయించునది పడవ కట్టడము. ప్రొపెల్లరు దానిని మార్చలేదు.

పరీక్షించు పద్ధతియు ముఖ్యమే. పడవ అడుగును శుభ్రము చేయవలెను. నిత్యము ఎక్కించు బరువునే, చమురుతో సహా, ఎక్కించవలెను. ఇంజను చుట్లను టాకోమీటరుపై చూచి వ్రాసికొనవలెను. వేగమును చేతి ఫోనులోని జీపీఎస్ చెప్పును. గాలియు ప్రవాహమును మోసగింపకుండుటకు పోవునపుడు నొకసారి, వచ్చునపుడు నొకసారి కొలిచి సగటు తీయవలెను. ఇంజనును మరీ ఎత్తున బిగించినచో రెక్కలు పైనుండి గాలిని లాగుకొనును. అప్పుడు ఇంజను ఒక్కసారిగా గోల చేయును, పడవ వేగము మాత్రము పడిపోవును. ఆ లోపము పిచ్‌ది కాదు. ముందు బిగింపును సవరింపవలెను.

రెక్కల సంఖ్యను గూర్చియు రెండు మాటలు. చిన్న పడవలకు మూడు రెక్కలవి ఎక్కువ వాడుక. నాలుగు రెక్కలవి నీటిని గట్టిగా పట్టును, బరువుతో బయలుదేరునపుడును, మలుపులలోను మేలు, అదురు తక్కువ. పై వేగము మాత్రము సాధారణముగా కొంచెము తగ్గును.

లోహము సంగతికి వచ్చిన, అల్యూమినియము చవుక. స్టెయిన్‌లెస్ స్టీలు గట్టిది, రెక్కలు పలుచనై వంగక నిలుచును, కాని వెల యెక్కువ. చిల్కా పలుచోట్ల లోతు తక్కువ సరస్సు. ఇసుక మేటలు, నీటి కలుపు మెండు. ఇట్టి నీటిలో ప్రొపెల్లరు నేలకు తగులుట కలదు. అల్యూమినియపు రెక్క వంగినను బాగుచేయించుట సులభము. ఉక్కు రెక్క వంగనిచో ఆ దెబ్బ లోపలి ఇరుసుకును గేర్లకును పోవచ్చును. ఈ దెబ్బను సహించుటకే పెక్కు ప్రొపెల్లర్ల నడుమ రబ్బరు బుష్ అమర్తురు. ఇంజను వేగముగా తిరిగినను పడవ కదలకున్న ఆ రబ్బరు జారినదని అనుమానింపవలెను. దూరము పోవు పడవలో ఒక మారు ప్రొపెల్లరును, దానిని విప్పు పనిముట్లను ఉంచుకొనుట వివేకము.

తుదకు ప్రాణరక్షణ మాట. నిమిషమునకు 2750 చుట్లనగా సెకనుకు దాదాపు 46 చుట్లు. మూడు రెక్కలున్నవి గాన, ఒక్క సెకనులో ఒకే చోట 137 సార్లు రెక్క కోయును. ఆ వేగమున తిరుగు రెక్క కంటికి కనబడదు. తప్పించుకొనుటకు వ్యవధి యుండదు. కావున నీటిలో మనిషి యున్నపుడు గేరు తీసినంత మాత్రమున చాలదు; ఇంజనును పూర్తిగా ఆపవలెను. నడపువాడు ఇంజనును ఆపు త్రాడును తన శరీరమునకు తగిలించుకొనవలెను. అతడు జారి పడినచో ఇంజను దానంతట నిలిచిపోవును. ప్రొపెల్లరును మార్చునపుడు తాళపుచెవిని, ఆ త్రాడును తీసి దగ్గఱ నుంచుకొనవలెను. సతపడా దాపున నివసించు ఇరావతీ డాల్ఫినులకును ఈ రెక్కలు గండమే. వాటిని చూడబోవు పడవలు వెంబడింపక, దూరముననే వేగము తగ్గింపవలెను.

దుకాణమునకు పోయి మంచి ప్రొపెల్లరును ఇమ్మని యడిగిన లాభము లేదు. ఇంజను నమూనా యేది, గేరు నిష్పత్తి యెంత, ఇప్పుడున్న ప్రొపెల్లరు వ్యాసము, పిచ్ ఎంత, నిత్యపు బరువుతో పూర్తి థ్రాటిలులో ఎన్ని చుట్లు వచ్చుచున్నవి - ఈ నాలుగింటిని ఒక కాగితముపై వ్రాసికొని పొండు. క్రొత్తది బిగించిన పిదప మరల కొలిచి ఆ కాగితముననే వ్రాయుడు. పిల్లలారా, మీ యింట పడవ యున్నచో ఆ కాగితమును వ్రాయు పని మీరు తీసికొనుడు.